నా బండి ఎక్కడ పడుకుంటుందని ఎవరూ అడగలేదు

దేశం ముందున్న ముఖ్య సమస్యల్లో ఇది ఇంతవరకు చేరలేదు కాబట్టి ఆ లోటు నేనే తీర్చాల్సి వస్తోంది. నా మోటార్ సైకిల్ నా ఇంట్లో ఉండదు. నేనొక చోట, అదొక చోట. మా ఇద్దరి మధ్యా బెంగళూరు ఉంది.

మధ్యలో బెంగళూరు ఉండటమంటే ఏమిటో ఇక్కడున్న తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. నేనుండేది ఎలక్ట్రానిక్ సిటీలో. బండి ఉండేది రామమూర్తి నగర్‌లో, మా పిన్ని ఇంటి వాకిట్లో. దారిలో సిల్క్ బోర్డు, మారతహళ్లి, టిన్ ఫ్యాక్టరీ. ఆదివారం తెల్లవారుజామున అయితే చులాగ్గా వెళ్లిపోవచ్చు. శుక్రవారం సాయంత్రం అయితే ఇంట్లో వాళ్లకు చెప్పి, సద్ది కట్టుకుని బయలుదేరాలి.

ఈ ఎడబాటుకు మూలం మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్. ఫ్లాటుకు ఒకటే పార్కింగ్. కారు పెట్టాక బండికి మిగిలింది సెల్లార్‌లో స్తంభం పక్కన జానెడు చోటు. 2022 సెప్టెంబరు వానలకు బెల్లందూరు వైపు సెల్లార్లు చెరువులు కావడం కళ్లారా చూసినవాడిని, అక్కడ పెట్టడానికి మనసొప్పలేదు. "మా వాకిట్లో పెట్టుకోరా అబ్బీ, ఎవురొద్దన్యారు?" అంది పిన్ని. అప్పట్నుంచీ అది ఆ ఇంటి మనిషి అయిపోయింది. ఆయుధపూజకు బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు, మిగతా రోజుల్లో హ్యాండిల్ మీద పిన్ని చీరలు.

ఇక్కడే ఇన్సూరెన్స్ ప్రవేశిస్తుంది.

పాలసీ రెన్యూ చేసే రోజున కాగితాలన్నీ ముందేసుకుని కూర్చుంటే నా బండికి నాలుగు ఊళ్లున్నాయని తేలింది. ఆర్‌సీలో అనంతపురం, ఏపీ 02 నంబరు, మా నాన్న ఇల్లు. పాలసీలో 2019లో నేను దిగిన మారతహళ్లి పీజీ అడ్రసు. ఆ పీజీని కూలగొట్టి అక్కడ మొబైల్ షాపు పెట్టారు. ఓనరు, అంటే నేను, ఎలక్ట్రానిక్ సిటీలో. బండి రామమూర్తి నగర్‌లో. నాలుగిట్లో నిజంగా బండి ఉన్న చోటు ఏ కాగితంలోనూ లేదు. ఆన్‌లైన్‌లో నా మొబైల్ నంబరు అడిగారు, నామినీ పేరు అడిగారు, పోయినేడాది క్లెయిమ్ చేశావా అని అడిగారు. బండి రాత్రిపూట ఎక్కడ పడుకుంటుందని మాత్రం ఒక్కరూ అడగలేదు. పెళ్లికూతురి గోత్రం, నక్షత్రం అన్నీ అడిగి, అమ్మాయి ఏ ఊళ్లో ఉంటుందో అడగనట్టు.

మా బావమరిది బ్రిటన్‌లో ఉంటాడు. అక్కడ మొదటి ప్రశ్నల్లోనే బండి రాత్రిళ్లు ఎక్కడుంటుందో పిన్‌కోడ్‌తో సహా చెప్పాలట, దాన్నిబట్టే ధరట. వాడకుండా మూలన పడేసినా ఊరుకోరు. ఇది రోడ్డెక్కదని ప్రభుత్వానికి రాసిస్తే సరి, లేదంటే ఇన్సూరెన్స్ కట్టాల్సిందే, 2011 నుంచి ఇదే పద్ధతి. "మీకేం, అడిగే నాథుడే లేడు, హాయి" అన్నాడు బావమరిది. హాయి ఎక్కడిది? నిజం చెప్పాలని తహతహలాడుతున్న మనిషికి చెప్పే చోటే లేకపోతే ఆ టెన్షన్ అనుభవించినవాడికే తెలుస్తుంది.

మన పద్ధతి వేరు. మన దగ్గర బండి ఎక్కడ ఉంటుందన్నది కాదు, ఎక్కడ పుట్టిందన్నది ముఖ్యం. పాత మోటార్ టారిఫ్, అంటే ఒకప్పటి బీమా ధరల పట్టీ, దేశాన్ని రెండు జోన్లు చేసింది. అహ్మదాబాద్, బెంగళూరు, చెన్నై, హైదరాబాద్, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ, పుణె, ఈ ఎనిమిదీ 'ఏ' జోన్. మిగతా భారతదేశం మొత్తం 'బీ' జోన్. నీ బండి ఈ రెండింట్లో దేనిదో చెప్పేది అది తిరిగే రోడ్డు కాదు, రిజిస్టర్ చేసిన ఆఫీసు. 2007లో ధరలకు కళ్లెం తీసేశారు, కంపెనీలు ఇష్టమొచ్చినంత డిస్కౌంట్ ఇస్తున్నాయి, కానీ జోన్లు అలాగే ఉండిపోయాయి. కాబట్టి నా బండి ఆరేళ్లుగా టిన్ ఫ్యాక్టరీ పొగ పీలుస్తున్నా, ఇన్సూరెన్స్ దృష్టిలో అది ఇంకా అనంతపురం టవర్ క్లాక్ దగ్గర గాలి తిరుగుడు తిరుగుతూనే ఉంది.

దీనివల్ల నాకు ముట్టిన అక్రమ లాభం ఎంతో లెక్క వేశాను. అయిదేళ్లు దాటి పదేళ్లలోపున్న, 150 సీసీ మించని బండికి పాత పట్టీ ప్రకారం సొంత నష్టం (మన బండికే దెబ్బ తగిలినా, అది పోయినా ఇచ్చే బీమా) రేటు 'ఏ' జోన్‌లో 1.793 శాతం, 'బీ' జోన్‌లో 1.760 శాతం. నా బండికి కట్టిన విలువ 30,000 రూపాయలు. బెంగళూరు అయితే 537 రూపాయల 90 పైసలు, అనంతపురం అయితే 528. తేడా తొమ్మిది రూపాయల తొంభై పైసలు.

సిల్క్ బోర్డు జంక్షన్, గుంతలు, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే డెలివరీ కుర్రాళ్లు, వానొస్తే మునిగే అండర్‌పాస్‌లు, అన్నీ కలిపి బెంగళూరు ప్రమాదం అనంతపురం ప్రమాదం కంటే ఏడాదికి 9 రూపాయల 90 పైసలు ఎక్కువ. ఈ లెక్క కట్టిన పెద్దమనిషెవరో గానీ ఆయన్ని ఒకసారి బండి మీద వెనక కూర్చోబెట్టుకుని ఔటర్ రింగ్ రోడ్డు తిప్పాలని నా కోరిక.

అయినా లెక్క లెక్కే. ఆరేళ్లకు ఇదే చొప్పున 59 రూపాయల 40 పైసలు కంపెనీ సొమ్ము నా దగ్గర ఉండిపోయింది. రాత్రిళ్లు నిద్ర పట్టలేదనడం అతిశయోక్తి. మధ్యాహ్నం పట్టలేదు.

పైగా ఇంకో పాపం ఉంది. వేరే రాష్ట్రం బండి ఒక రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్. ఇల్లు మారితే 30 రోజుల్లో చెప్పాలని 49వ సెక్షన్. ఒక దశలో కర్ణాటక ఇంకాస్త ముందుకు వెళ్లి, 30 రోజులు దాటితే చాలు లైఫ్ ట్యాక్స్ కట్టమని 2014లో చట్టం తెచ్చింది. 2016లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ రెండేళ్లూ ఏపీ నంబరు బండ్లు సందుల్లోంచే తిరిగాయని సీనియర్లు చెబుతారు. నేను అనంతపురం వెళ్లి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడ ట్యాక్స్ కట్టాలి, అక్కడ కట్టినదాన్ని వెనక్కి అడగాలి. ధర్మం తెలుసు. సెలవు దొరకలేదు.

టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్ పోలీసు ఆపినప్పుడల్లా అడిగేది ఒకటే: "బెంగళూరిగె బందు ఎష్టు దిన ఆయ్తు?" బెంగళూరు వచ్చి ఎన్నాళ్లయిందని. నేను చెప్పేదీ ఒకటే: "పోయిన వారమే సార్." ఆరేళ్లుగా పోయిన వారమే వస్తున్నాను. సాక్ష్యం అడుగుదామంటే హైవేలో టూవీలర్‌కు టోల్ లేదు. బాగేపల్లి టోల్ గేటు పక్క సందులోంచి ఎప్పుడు దూరానో దేవుడికే తెలుసు. రైలు పార్సిల్‌లో వేసుకుని గోనెపట్టా చుట్టించి తెచ్చుకున్న తెలివైనవాళ్లే ఇరుక్కుంటారు, వాళ్ల దగ్గర తేదీ ఉన్న రసీదు ఉంటుంది మరి.

సరే, అసలు ఆగి ఉన్న బండికి ఇన్సూరెన్స్ దేనికి అని పిన్ని ధర్మసందేహం. "పదిహేను దినాలకొకసారి తీస్తావు. దానికి దుడ్లు కట్టేది ఎందుకురా?" కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. చట్టం పబ్లిక్ ప్లేస్‌లో వాడే బండికే థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా, తప్పనిసరి అంటుంది. పిన్ని వాకిలి చిన్నది. బండి పెడితే ముందు చక్రం, ట్యాంకు గేటు లోపల ప్రైవేటు స్థలంలో ఉంటాయి. వెనక చక్రం, నంబరు ప్లేటు రోడ్డు మీద. అంటే సగం బండికి ఇన్సూరెన్స్ తప్పనిసరి, సగం బండికి ఐచ్ఛికం. 75 నుంచి 150 సీసీ లోపు బండికి 2022 జూన్ నుంచి థర్డ్ పార్టీ ప్రీమియం 714 రూపాయలు. ఇందులో జోన్లు లేవు, దేశమంతా ఒకటే. న్యాయంగా నేను 357 కట్టాలి.

ఈ వాదన పట్టుకుని కోర్టుకు పోవాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. 1987లో పుణె–బెంగళూరు హైవే మీద ఒక పెట్రోలు ట్యాంకర్ లారీని ఢీకొని రోడ్డు పక్కన పడిపోయింది. కొన్ని గంటల తర్వాత అది పేలి, చుట్టూ చేరిన ఊరివాళ్లు చనిపోయారు. పడి ఉన్న బండిని 'వాడుతున్నట్టు' ఎలా అంటారని వాదన నడిచింది. కదలకపోయినా అది వాడకమేనని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. పిన్నికి ఈ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్లి గ్యాస్ సిలిండర్‌కు, బండికి మధ్య ఉన్న తలుపు వేసి వచ్చింది. ఇక ఇన్సూరెన్స్ లేకుండా రోడ్డు మీద దొరికితే మొదటిసారి 2,000, రెండోసారి 4,000, జైలు కూడా పడొచ్చు, మూడు నెలల దాకా. కాబట్టి 714 పూర్తిగా కట్టాను, రెండు చక్రాలకూ.

ఇంత ఆలోచించాక ఒక నిర్ణయానికి వచ్చాను. కంపెనీకి ఫోన్ చేసి నిజం చెప్పేయాలి. బీమా అంటేనే పరస్పర నమ్మకం అంటారు కదా. ఇరవై నిమిషాల సంగీతం తర్వాత ఒక అమ్మాయి పలికింది. కంపెనీ పేరు వద్దు, ఆ అమ్మాయి మర్యాదస్తురాలు.

"అమ్మా, నా బండి నేను చెప్పిన అడ్రసులో ఉండదు."

"పోయిందా సార్?"

"లేదు, క్షేమంగా ఉంది. మా పిన్నివాళ్లింట్లో."

"క్లెయిమ్ రిజిస్టర్ చెయ్యమంటారా సార్?"

"పోలేదమ్మా. ఎక్కడుందో మీకు తెలియాలని చెబుతున్నాను."

కాసేపు కీబోర్డు చప్పుడు. "సార్, కమ్యూనికేషన్ అడ్రస్ మార్చాలా, పర్మనెంట్ అడ్రస్ మార్చాలా?"

"నాది కాదమ్మా. బండిది."

"బండికి అడ్రస్ కాలమ్ లేదు సార్. బండి మీ అడ్రస్‌లోనే ఉంటుంది."

ఈ చివరి వాక్యంలో అద్వైతం ఉంది. నేనెక్కడుంటే బండి అక్కడ. మధ్యలో పాతిక కిలోమీటర్లు మాయ. తొమ్మిది రూపాయల తొంభై పైసల సంగతి కూడా ఎత్తాను, తక్కువ తీసుకున్నారు, మిగతాది కడతానని. "ఎక్సెస్ పేమెంట్ సిస్టమ్ తీసుకోదు సార్" అంది, ఈసారి కొంచెం భయంగా.

కానీ ఇదే కంపెనీ బండి పోయిన రోజున ఇలా ఉండదు. ఆ రోజున ఎక్కడ పెట్టావు, ఎన్నింటికి పెట్టావు, హ్యాండిల్ లాక్ వేశావా, ఆ ఇల్లు ఎవరిది, వాళ్లు నీకేమవుతారు అని వంద ప్రశ్నలు. ఎఫ్‌ఐఆర్ కావాలి, దొరకలేదని పోలీసుల 'సీ రిపోర్ట్' కావాలి, రెండు ఒరిజినల్ తాళాలూ కావాలి. నా తాళాల్లో ఒకటి పిన్ని ఇంట్లో క్యాలెండర్ మేకుకు, రెండోది అనంతపురంలో అమ్మ బీరువాలో, పసుపు గుడ్డలో. మొత్తం కుటుంబాన్ని సమావేశపరిస్తే తప్ప క్లెయిమ్ కాదు.

నిజానికి ప్రమాదం అంచనా వేయడం తెలిసిన కంపెనీ అయితే పిన్నికి డిస్కౌంట్ ఇవ్వాలి. ఆ వాకిట్లో పిల్లి కదిలినా ఆమెకు మెలకువ వస్తుంది. ఎదురింటి కన్నడ మేష్ట్రు నాలుగున్నరకే లేచి ముగ్గు వేసే వాళ్లను పర్యవేక్షిస్తాడు. పాత టారిఫ్‌లో దొంగతనం ఆపే పరికరం బిగిస్తే సొంత నష్టం ప్రీమియంలో రెండున్నర శాతం తగ్గింపు ఉంది. 528లో రెండున్నర శాతం 13 రూపాయల 20 పైసలు. నేను ఎగ్గొట్టిన 9.90 పోను కంపెనీయే నాకు ఏడాదికి 3 రూపాయల 30 పైసలు బాకీ. ఒకటే చిక్కు: పరికరానికి పుణెలోని వాహన పరీక్షల సంస్థ ఏఆర్‌ఏఐ ఆమోదం ఉండాలి, పిన్నిని పరీక్షకు అంత దూరం పంపడానికి బాబాయి ఒప్పుకోడు.

ఫోన్ ఫలితం వారం తర్వాత తెలిసింది. ఆ అమ్మాయి సానుభూతితో ఏదో ఒకటి మార్చాలని నా అడ్రసునే రామమూర్తి నగర్‌కు మార్చేసింది. ఇప్పుడు కాగితాల ప్రకారం బండీ, నేనూ ఒకే చోట ఉంటాం. పాలసీ కాపీ పోస్టులో పిన్ని ఇంటికే వచ్చింది. ఆమె కవరు విప్పి, అడ్రసు మూడుసార్లు చదివి, ఆధార్, కరెంటు బిల్లు ఉండే డబ్బాలో దాచింది.

మొన్న ఆదివారం కొత్త పాలసీ ఫోన్‌లో పెట్టుకుని, సకల పత్రాలతో, చట్టబద్ధమైన యజమానిగా బండి తీసుకుందామని వెళ్లాను. సీటు మీద ఒక చీర, హ్యాండిల్ మీద ఒకటి, వెనక, పబ్లిక్ ప్లేస్‌లో ఉన్న భాగం మీద, బాబాయి లుంగీ.

"తాళం ఇయ్యి పిన్నీ, వెళ్లొస్తా."

"ఇంగా ఆరల్యారా," అంది ఆమె లోపల్నుంచి. "కాఫీ తాగి, బెన్నిగానహళ్లిలో మెట్రో ఎక్కి పో."