ఆ బొమ్మలన్నీ పెట్టండి, ఒక్కటీ తీయొద్దు

తిరుపతిలో ఒక కాలేజీ పిల్లలు చేసిన బొమ్మలను వచ్చే మహాసభల్లో ప్రదర్శనకు పెట్టాలన్న ఆలోచన అమెరికాలోని మన తెలుగు సంఘం ముందుంది. నల్లజాతి రచయితల పుస్తకాలు, కులం గురించి మనవాళ్లు రాసినవి చదివి, ఒక్కో పుస్తకాన్ని గుడ్డ, గోనె, తుప్పు, పేపరు కత్తిరింపులతో మిక్స్‌డ్ మీడియా బొమ్మగా మార్చారు వాళ్లు. పెట్టడానికి అందరూ సరేనన్నారు. కానీ, "అమెరికా వర్ణవివక్ష మీద చేసినవి చాలు, కులం మీదవి పక్కన పెడదాం, పండగ పూట గొడవెందుకు" అని కొందరు పెద్దలు అంటున్నారు. నేను దీనికి ఒప్పుకోను. పెడితే అన్నీ పెట్టాలి.

ఈ వేసవిలో ఊరెళ్లినప్పుడు ఆ బొమ్మలు దగ్గరగా చూశాను. టోనీ మారిసన్ 1970లో రాసిన 'ది బ్లూయెస్ట్ ఐ' నవలలో పెకోలా అనే నల్లపిల్ల, తనకు నీలి కళ్లుంటే అందరూ తనను ప్రేమిస్తారని నమ్ముతుంది. ఆ నవలను ఒక అమ్మాయి కాళహస్తి కలంకారీలో వేసింది. ఆ పని తెలిసినవాళ్లకు కసిం అనే నల్ల సిరా సంగతి తెలుసు. బెల్లం, తుప్పు పట్టిన ఇనప ముక్కలు నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద వెదురు కలంతో ఆ కసిం గీస్తే, ఇనుము కరక్కాయ వగరుతో కలిసి నలుపు తేలుతుంది. నల్ల గీత పడ్డాకే ఎరుపైనా, పసుపైనా, నీలమైనా.

ఆడబొమ్మల ఒంటికి పసుపు వేయడం అక్కడి ఆనవాయితీ. ఈ అమ్మాయి పసుపు ముట్టుకోలేదు. కసిం గీతలే ఒత్తుగా, ఒకదాని మీద ఒకటి గీసి పెకోలా ఒళ్లంతా నింపింది. కొన్ని చోట్ల గుడ్డ బిరుసెక్కిపోయింది కూడా. నీలం ఒక్క కళ్లలోనే ఉంది, అదీ గీత దాటి చెంపల మీదికి కారింది. అంచున లతలు ఉండాల్సిన చోట తెలుగు పేపర్లలోని పెళ్లి ప్రకటనలు వరసగా అంటించింది. ఎందుకమ్మా ఇవి అని అడిగితే, "మా చెల్లెలు ఎర్రగా ఉంటాదని దాన్నే ముందు అడగతా ఉండారు మేడం" అంది. ఆ తర్వాత ఇంకేమీ అడగలేకపోయాను.

అన్నీ ఇంత బాగున్నాయని చెప్పను. అలెక్స్ హేలీ 'రూట్స్'ను సహవాసి 'ఏడు తరాలు'గా తెలుగు చేశారు. మనలో చాలామంది చిన్నప్పుడు చదివిన పుస్తకమే. దాని మీద చేసిన గోనెపట్టా బొమ్మలో సంకెళ్లు, గొలుసులు తప్ప ఏమీ లేవు. చూడగానే అర్థమైపోతుంది, అక్కడితో అయిపోతుంది. అయినా అదీ రావాలి, నేర్చుకునే పిల్లల పని అది.

కొందరికి గుచ్చుకుంటున్న బొమ్మ వేరే ఉంది. జాషువా 1941లో రాసిన 'గబ్బిలం' మీద ఒక అబ్బాయి చేసినది. గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి తన గోడును గబ్బిలం చేత శివుడికి చెప్పించుకునే కావ్యం అది. కాళహస్తి గుడ్డలు ఒకప్పుడు గుళ్లలో దేవుడి వెనక తెరలుగా వేలాడేవి. అతను అచ్చం అలాంటి తెర తీసుకుని, నడిమధ్యన దేవుడు ఉండాల్సిన గడి ఖాళీగా వదిలేశాడు. చుట్టూ ఉన్న చిన్న గడుల్లో ఒక్కో గబ్బిలం తలకిందులుగా వేలాడుతోంది. పెకోలా పక్కన దీన్ని ఎందుకు పెట్టాడని అడగాల్సిన పనే లేదు.

వర్ణవివక్షనూ కులాన్నీ ముడిపెట్టడం ఆ పిల్లల కొత్త కల్పనేమీ కాదు. జ్యోతిరావు ఫూలే 1873లో కులం మీద రాసిన 'గులాంగిరి' పుస్తకాన్ని, బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకే అంకితమిచ్చారు. అంటరానివాళ్ల స్థితికీ ఇక్కడి నల్లవాళ్ల స్థితికీ ఎంతో పోలిక ఉందని అంబేడ్కర్ 1946లో అమెరికా నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశారు, ఆయన జవాబూ ఇచ్చారు. దీన్ని గొడవ అంటున్న మనం ఆ ఉత్తరాన్ని ఏమంటాం?

మన సంగతి కూడా చూద్దాం. 1923లో, ఇక్కడికి వలస వచ్చిన పంజాబీ భగత్‌సింగ్ థింద్‌ను ఈ దేశపు సుప్రీంకోర్టు తెల్లవాడు కాదని తేల్చి పౌరసత్వం కాదంది. 1946లో చట్టం మారితే మొత్తం భారతీయులకు దక్కిన వలస కోటా ఏడాదికి 100 మంది. నల్లవాళ్లు దెబ్బలు తిని, జైళ్లకెళ్లి పౌరహక్కులు సాధించాక, ఆ ఊపులోనే 1965 వలస చట్టం వచ్చింది. మన ఉద్యోగాలు, ఇళ్లు, ఈ మహాసభలు దాని చలవే. వాళ్ల బాధకు చప్పట్లు కొట్టి, మన ఊళ్ల బాధను మాత్రం బయట నిలబెడితే, మళ్లీ గుడి తలుపు మూసినట్టే. పైగా ఇక్కడ స్కూల్లో రంగు గురించి మాటపడి ఇంటికొచ్చిన పిల్లతో, "ఎండలో తిరక్కు, నల్లబడతావ్" అనేది మనమే కదా. ఆ పిల్లలు కూడా ఈ బొమ్మలు చూడాలి.

బొమ్మలు తెప్పించే ఖర్చు సంఘమే పెట్టుకోవాలి. విద్యార్థులకు, వాళ్లకు కలం పట్టడం నేర్పిన కాళహస్తి కళాకారులకు పారితోషికం ఇవ్వాలి, శాలువాతో సరిపెట్టకూడదు. ఏ బొమ్మ పక్కన ఏది ఉండాలో ఆ పిల్లలనే చెప్పనివ్వాలి. కార్యవర్గం ఇంకా నిర్ణయం తీసుకోలేదు కాబట్టి, నాతో ఏకీభవించేవాళ్లు ఇప్పుడే వాళ్లకు రాయండి, ఫోన్ చేయండి.