ఆ బటన్ నొక్కిన కుర్రాడు

ఏ సర్వరు మూలిగినా కారణం మన జనానికి ముందే తెలుసు. ఎవడో ఇంటర్న్ బటన్ నొక్కేశాడు. చెల్లింపుల యాప్ పది నిమిషాలు పడకేస్తే ఇంటర్న్. తత్కాల్ వేళ రైల్వే సైటు గుండ్రంగా తిరుగుతూ కూర్చుంటే ఇంటర్న్. పదో తరగతి ఫలితాల రోజు పేజీ తెరుచుకోకపోతే, అది సర్కారు సైటైనా సరే, అక్కడా ఓ ఇంటర్న్ ఉండే ఉంటాడు. కాలేజీ నుంచి వచ్చి ఆర్నెల్లు కాలేదు, క్యాంటీన్ కార్డు ఇంకా చేతికి రాలేదు, అయినా దేశ ఆర్థిక వ్యవస్థ మొత్తం అతగాడి చూపుడువేలి కిందే ఉంటుంది. ఇంతటి శక్తిమంతుణ్ణి స్టైపెండుతో సరిపెడుతున్నారంటే హెచ్‌ఆర్ వాళ్లను మెచ్చుకోవాల్సిందే.

ఈ సిద్ధాంతానికి మహర్దశ పట్టింది 2024 జులై 19న. శుక్రవారం. మన గడియారంలో ఉదయం 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేరు ఉన్న యంత్రాలకు ఓ చిన్న ఫైలు వదిలింది. 10:57కల్లా తప్పు తెలిసి వెనక్కి తీసుకుంది. మధ్యలో 78 నిమిషాలు. ఆ కాసేపట్లోనే 85 లక్షల విండోస్ యంత్రాలు కుప్పకూలి, తెరకు నీలిరంగు పూసుకున్నాయని మైక్రోసాఫ్ట్ లెక్క. మొత్తం విండోస్ యంత్రాల్లో ఇవి ఒక్క శాతం కూడా కావట. ఆ ఒక్క శాతంలోనే విమానాశ్రయాలు, బ్యాంకులు, ఆసుపత్రులు ఉండటం వేరే సంగతి.

పదకొండు గంటల టీ వేళకు మాదాపూర్ బండి దగ్గర తీర్పు కూడా వచ్చేసింది. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టేయమనే జాతి మనది. ఏ ఎద్దు, ఎక్కడ ఈనింది అని అడిగితే టీ చల్లారిపోతుంది. ముందురోజు రాత్రి అమెరికాలో మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌కు వేరే జబ్బు చేసింది. దానికీ దీనికీ సంబంధం లేదు. కానీ రెండు జబ్బులకు రెండు తిట్లు వెతుక్కునే ఓపిక ఎవరికుంది? రెండూ కలిపి 'మైక్రోసాఫ్ట్ పోయింది' అన్నారు. పని సులువైంది.

ముందుగా రీస్టార్ట్ వాళ్ల గురించి. 'ఒకసారి ఆపి ఆన్ చేశారా?' అని అడిగి, తమ జోకుకు తామే నవ్వుకునే వర్గం ఇది. వీళ్ల అదృష్టం ఏమిటంటే ఈసారి మైక్రోసాఫ్టే నిజంగా ఆ మాట అంది. క్లౌడ్‌లోని యంత్రాలను రీస్టార్ట్ చేస్తూ పొమ్మంది, కొందరికి పదిహేనుసార్ల దాకా పట్టిందని కూడా చెప్పింది. అదేమీ మంత్రం కాదు. యంత్రం లేచిన ప్రతిసారీ ఒక పరుగుపందెం. నీలితెర పడేలోపు నెట్‌వర్క్ అంది, సరిదిద్దిన ఫైలు దిగితే బతికినట్టు, లేకపోతే మళ్లీ మొదటికి. ఇంత వివరం జోకులో పట్టదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

తర్వాత విండోస్‌కు బదులు లినక్స్ అనే సిస్టమ్ వాడే వాళ్లు. వీళ్లకు ఆ రోజు సంక్రాంతి, ఉగాది ఒకేసారి వచ్చాయి. 'మేం ముప్పయ్యేళ్లుగా మొత్తుకుంటున్నాం' అని మొదలుపెట్టి, ఇంట్లో ప్రింటరు పనిచేయకపోవడం తప్ప మిగతావన్నీ చెప్పారు. ఇదే క్రౌడ్‌స్ట్రైక్ సాఫ్ట్‌వేరు దెబ్బకు ఆ ఏప్రిల్‌లోనే కొన్నిచోట్ల డెబియన్ అనే రకం లినక్స్ సర్వర్లు పడిపోయి లేవనంటే లేవనన్నాయి. కెర్నెల్‌లోకి, అంటే సిస్టమ్ గర్భగుడిలోకి, ఎవరినైనా చెప్పుల కాళ్లతో రానిస్తే ఏ సిస్టమైనా మురికవుతుంది. ఆ ముక్క అంటే టీ బండి దగ్గర మొహాలు చిన్నబోతాయి. వదిలేద్దాం.

ఇక పరిశోధకుల సంగతి. అమెరికాలో సౌత్‌వెస్ట్ విమానాలు ఆగకుండా ఎగిరాయి. వాళ్లు ఇంకా 1992 నాటి విండోస్ 3.1 వాడుతున్నారు కాబట్టి బతికిపోయారని ఎవరో వేళాకోళమాడారు. సాయంత్రానికి అది వార్త, మర్నాటికి మేనేజ్‌మెంట్ పాఠం. 'పాతది బంగారం' అని అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో సుప్రభాతంతో పాటు వచ్చింది. అసలు మూలం ఏమిటయ్యా అంటే, ఆ సంస్థ లోపలి సాఫ్ట్‌వేర్లు కొన్ని చూడ్డానికి విండోస్ 95 నాటివిలా ఉంటాయని ఎప్పుడో వచ్చిన ఓ విమర్శ. చూడ్డానికి అలా ఉంటే 95 మీద నడుస్తున్నట్టేనట. 95 మీద నడిచేది 3.1 మీద కూడా నడుస్తుందట. ఆ తర్కంతో ఇంకో రెండు రోజులు గడిస్తే తాళపత్రాల మీద నడిపించేవాళ్లు.

తాళపత్రాలదాకా ఎందుకు, మన శంషాబాద్‌లోనే కాగితం మీద నడిచింది. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఇండిగో ప్రయాణికుడికి చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఇచ్చారు. ఆ ఫొటో ప్రపంచమంతా చుట్టివచ్చింది. విమానానికంటే ముందే గమ్యం చేరిన బోర్డింగ్ పాస్ చరిత్రలో అదొక్కటే కావచ్చు. ఢిల్లీ విమానాశ్రయంలో తెల్లబోర్డు మీద గేటు నంబర్లు రాశారు. అందరూ ముచ్చటపడ్డారు. కౌంటరు వెనక నిలబడి వందలమంది పేర్లు, సీట్లు, గేట్లు వరసగా రాసినవాళ్ల మణికట్టు గురించి ఎవరూ ముచ్చటపడలేదు.

ఇంతకీ మన కుర్రాడు. దొరికాడు! ఆ శుక్రవారమే ఒకతను క్రౌడ్‌స్ట్రైక్ ఆఫీసు ముందు నవ్వుతూ నిలబడిన ఫొటో పెట్టాడు. 'ఉద్యోగంలో మొదటి రోజు, చిన్న అప్‌డేట్ పంపాను, మధ్యాహ్నం సెలవు తీసుకుంటున్నా' అన్నాడు. కాసేపటికి ఉద్యోగం పోయిందని కూడా చెప్పాడు. లోకం నమ్మింది. ఆయన బెల్జియంలో వ్యంగ్యం రాసుకునే పెద్దమనిషి, ఫొటో అతుకుబొంత. ఆయన జోకు బాగుంది, కాదనం. బాగాలేనిది మనం. జోకు అయిపోయాక కూడా ఆ లేని కుర్రాడిని ఉద్యోగంలో ఉంచుకుని, ఇప్పటికీ ప్రతి నెలా ఒకసారి పీకేస్తున్నాం.

సరే, ఫైలు 10:57కి వెనక్కి వెళ్లింది కదా, కథ ముగిసిందా? పడిపోయిన యంత్రానికి వెనక్కి తీసుకున్న సంగతి తెలియదు. లేస్తుంది, చెడ్డ ఫైలు చదువుతుంది, పడుతుంది. బయటి నుంచి బాగుచేద్దామంటే లేచి నిలబడితే కదా నెట్‌వర్క్ అందేది. కాబట్టి ఒక మనిషి వెళ్లాలి, లేదా ఫోన్లో చేయించాలి. చెప్పడానికి రెండు నిమిషాల పని. డిస్కుకు బిట్‌లాకర్ అనే విండోస్ తాళం ఉంటే దాని కీ కొట్టడం, ఆదేశాలు టైపు చేసే నల్లతెర తెరవడం, డ్రైవర్స్ ఫోల్డర్లోకి వెళ్లడం, ఒక ఫైలు తీసేయడం. ఈ రెండు నిమిషాల పనిని మణికొండ ఫ్లాట్‌లో ఇంటి నుంచి పనిచేసే ఓ సీనియర్ మేనేజరు గారికి, అటువైపు హెల్ప్‌డెస్క్ కుర్రాడికి మధ్య పెట్టి చూద్దాం.

"సార్, బిట్‌లాకర్ తెర వచ్చిందా? అందులో కీ ఐడీ ఉంటుంది, మొదటి ఎనిమిది అక్షరాలు చెప్పండి."

"బీ, ఏడు, డీ..."

"బెంగళూరు బీ యా, ఢిల్లీ డీ యా సార్, మొదటిది?"

"బీ అంటే బీయే కదయ్యా."

కీ దొరికింది. దొరకడమూ అదృష్టమే. కొన్ని కంపెనీల్లో ఆ కీలన్నీ దాచిన సర్వరు కూడా నీలంగానే పడుంది. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తాళం వేసిన చందం. ఇక 48 అంకెలు. ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు.

"నాలుగు ఒకటి ఏడు, రెండు సున్నా ఎనిమిది."

"అయింది."

"ఐదు, డబుల్ టూ, మూడు నాలుగు ఆరు."

"ఒప్పుకోవట్లేదు."

ఒప్పుకోదు. ప్రతి ఆరంకెల గుంపూ 11తో భాగించబడాలి, లేకపోతే తెర అక్కడే ఆపుతుంది. సారు డబుల్ టూ అంటే ముందు ఒక రెండు కొట్టి, తర్వాత దాని డబుల్ కొట్టారు. మూడు రెళ్లయ్యాయి. ఇది తేలడానికి పావుగంట. ఈలోగా సారు, "అన్నట్టు తమ్ముడూ, ఆ ఇంటర్న్‌ని తీసేశారటగా?" అన్నారు. కుర్రాడు నవ్వాడు. హెల్ప్‌డెస్క్‌లో నవ్వడం కూడా కొలతల్లో ఉంటుంది, కాల్ చివర రేటింగు ఇస్తారు.

ఎనిమిది గుంపులూ దాటి నల్లతెర తెరిచాక అసలు గొయ్యి. ఆ తెర ఎక్స్ డ్రైవ్‌లో తెరుచుకుంటుంది, అది తాత్కాలిక విండోస్. అక్కడ ఎంత వెతికినా ఆ ఫోల్డరు కనపడదు.

"ఇందులో క్రౌడ్‌స్ట్రైకే లేదు తమ్ముడూ. మా దాంట్లో వేయలేదనుకుంటా."

"ముందు సీ, పక్కన రెండు చుక్కలు కొట్టి ఎంటర్ నొక్కండి సార్."

"రెండు చుక్కలు అంటే?"

"ఒకదాని మీద ఒకటి ఉంటాయి సార్. షిఫ్ట్ పట్టుకోండి."

"పట్టుకున్నా. పిన్ని చెప్తోంది, ఎల్ పక్కన ఉంటుందట."

పిన్ని గారికి జేజేలు. తర్వాత విండోస్, సిస్టమ్ 32, డ్రైవర్స్, క్రౌడ్‌స్ట్రైక్. సీ, చిన్న గీత, ఐదు సున్నాలు, 291, నక్షత్రం, చుక్క, ఎస్ వై ఎస్. ఎన్ని సున్నాలు అని మూడుసార్లు. ఐదు సార్, ఐదే. నక్షత్రం ముందు 291 వదిలేస్తే ఆ వరసలోని ఫైళ్లన్నీ పోతాయి.  రీస్టార్ట్. లాగిన్ తెర వచ్చింది. గంటా పది నిమిషాలు. సారు థాంక్స్ చెప్పి, గ్రూపులో 'మనమే ఫిక్స్ చేసుకున్నాం, రెండు నిమిషాల పని' అని పెట్టారు. కుర్రాడి జాబితాలో ఇంకా 214 మంది.

ఇప్పుడు ఇంటర్న్‌ని వెతుకుదాం. ఆగస్టు 6న క్రౌడ్‌స్ట్రైక్ తనంతట తానే నివేదిక ఇచ్చింది, దాచిందేమీ లేదు. ఆ ఫైలు చదివే వ్యవస్థకు 21 విలువలు కావాలని ఒకచోట రాసుకున్నారు. ఇచ్చే ప్రోగ్రాము 20 మాత్రమే ఇస్తుంది. ఫిబ్రవరి నుంచీ అంతే. మార్చిలో, ఏప్రిల్‌లో వెళ్లిన ఫైళ్లలో 21వ గడిలో 'ఏదైనా పరవాలేదు' అని ఉండటంతో ఎవరూ అటు చూడలేదు. జులై 19న మొదటిసారి అక్కడ నిజంగా ఒకటి అడిగారు. లేని 21వదాని కోసం ప్రోగ్రాము పక్క మెమరీలోకి చెయ్యి పెట్టింది. కెర్నెల్‌లో అలా చెయ్యి పెడితే విండోస్ మొత్తం ఆగిపోతుంది, ఆగాలి కూడా. హద్దు దాటుతున్నామా అని చూసే పరీక్ష కోడ్‌లో లేదు. ఫైలును తనిఖీ చేసే ప్రోగ్రాము బాగుందని ముద్ర వేసింది. ముందు వెయ్యి యంత్రాలకు పంపి చూసి, తర్వాత లక్షకు, ఆ తర్వాత లోకానికి అనే పద్ధతి ఈ రకం ఫైళ్లకు లేదు. లేదు అంటే మరిచిపోయారని కాదు, పెట్టుకోలేదు.

ఇంకోటి. చాలామంది కస్టమర్లు జాగ్రత్తపరులు. కొత్త వెర్షన్ వద్దు, ఒకటి వెనకది చాలు అని సెట్టింగు పెట్టుకున్నారు. ఆ సెట్టింగు ఈ ఫైళ్లకు వర్తించదు. వాళ్లకు ఆ సంగతి నీలితెర చెప్పింది.

దీంట్లో ఏ అడుగు ఇంటర్న్‌ది? 21కీ 20కీ తేడా కనిపెట్టలేని పరీక్ష ఎవరు ఆమోదించారు? దశలవారీగా పంపే పద్ధతి లేకుండానే సాగిపోనిచ్చింది ఏ గదిలో? ఆ గదిలో స్టైపెండు తీసుకునేవాడు కూర్చోడు. అక్కడ కూర్చున్నవాళ్ల కుర్చీలు మెత్తగా ఉంటాయి, వాళ్ల మీద జోకు ఎందుకో మెత్తగా కూడా పడదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడాలి. మంగలానికి లాయరు ఉండడు కదా! 'జూనియర్ బటన్ నొక్కాడు' అనే మాట మీకు నవ్వులాట కావచ్చు, పైవాళ్లకు మాత్రం బీమా. మీరు ఉచితంగా ప్రీమియం కడుతున్నారు. ఒక్క వేలు నొక్కితే 85 లక్షల యంత్రాలు పడే ఏర్పాటు చేసినవాణ్ణి వదిలి, ఆ వేలిని పట్టుకుని ఊగడం హాస్యం కాదు, చెంచాగిరీ. జర్మనీలో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. డెల్టా సంస్థ ఐదు రోజుల్లో దాదాపు ఏడు వేల విమానాలు ఆపుకుంది. మీరింకా 'హహ, ఇంటర్న్' దగ్గరే ఉన్నారు.

మీకు జోకు కావాలంటే ఇదిగో తయారుగా ఉంది. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ కంపెనీ ఇలాగే ఒక అప్‌డేట్ పంపింది, నంబరు 5958. అది విండోస్ ఎక్స్‌పీలోని ఓ ముఖ్యమైన సిస్టమ్ ఫైలును వైరస్ అనుకుని లాగేసింది. ఎక్కడికక్కడ కంప్యూటర్లు పడ్డాయి. అప్పుడు ఆ కంపెనీ ముఖ్య సాంకేతికాధికారి జార్జ్ కర్ట్జ్. 2024లో క్రౌడ్‌స్ట్రైక్ అధిపతి ఎవరంటారా, ఆయనే. రెండుసార్లూ ఆయన స్వయంగా నొక్కలేదు, నిజమే. కానీ జోకుకు ఇంతకంటే సరుకేం కావాలి? ఇది టీ బండి దగ్గర చెప్పండి. 'ఎవరూ?' అంటారు. ఇంటర్న్ అయితే అందరికీ తెలుసు.

క్రౌడ్‌స్ట్రైక్ క్షమాపణ కూడా చెప్పింది. శ్రమపడిన భాగస్వాములకు ఊబర్ ఈట్స్ అనే భోజనం తెచ్చిపెట్టే యాప్‌లో పది డాలర్ల కూపను పంపింది. ఎక్కువమంది ఒకేసారి వాడేసరికి మోసమేమోనని అనుమానించి ఊబర్ ఆ కూపన్లను ఆపేసింది. ఈ తనిఖీ మాత్రం ఠంచనుగా పనిచేసింది.

ఆదివారం రాత్రి మన హెల్ప్‌డెస్క్ కుర్రాడి జాబితాలో ఇంకా ముప్పై ఒక్క పేర్లు. నంబరు కలిపాడు. అవతల ఎవరో పెద్దాయన.

"నమస్తే సార్, ఐటీ నుంచి. బిట్‌లాకర్ తెర వచ్చిందా?"

"వచ్చింది గానీ, ముందు ఇది చెప్పు బాబూ. ఇదంతా ఎవరో కుర్రాడు బటన్ నొక్కితే జరిగిందటగా, అది నువ్వేనా?"

"కీ ఐడీ చెప్పండి సార్. మొదటి ఎనిమిది అక్షరాలు."