మాస్టారికి శాలువా కప్పక తప్పదు

మా కోనసీమలో వంశవృక్షాల సంఘం ఒకటుందని చాలామందికి తెలీదు, అందులో సభ్యులతో సహా. తెలిసింది మాస్టారికే. పని చేసేది ఆయనొక్కరే మరి. ఆయనకు సన్మానం చేయాలని పోయిన ఆదివారం తీర్మానించాం. సేవకు మెచ్చి అనుకునేరు! శాలువా కప్పితే ఇక ఇంట్లో కూర్చుంటారని మా అధ్యక్షుల వారి ఆశ.

ఆయన మీద ఫిర్యాదులకు కొదవలేదు. మాకు కావలసింది రాజరాజ నరేంద్రుడి కొలువులో పనిచేసిన ముత్తాత. నడుమ తొమ్మిది వందల ఏళ్లకు చుక్కలు పెట్టేస్తే సరిపోను. ఈయనేమో కాకినాడ రేవులో ఓడెక్కి, రంగూన్‌లో బియ్యం బస్తాలు మోసి, 1942లో జపాను వాళ్లొస్తున్నారని కాలినడకన బయల్దేరిన తాతను పట్టుకొచ్చారు. అక్కడ తెలుగువాళ్లను కోరంగీలనేవారట, అదీ రాశారు. ఆ తాతను ఫ్లెక్సీలో వేసుకుంటామా?

పోనీ పని తేలికా అంటే అదీ కాదు. మనవడికి తాత పేరు పెట్టడం మన ఆచారం. అన్నవరం స్వామి దయవల్ల ఒక్కో ఇంట్లో అయిదుగురు సత్యనారాయణలు. పైగా మేనరికాలు. పైకి వెళ్లిన కొమ్మ మర్రి ఊడలా మళ్లీ మొదట్లోకే దిగుతుంది.

అసలు నేరం వేరే ఉంది. మా పాత కాగితాల్లో మగపిల్లలకు పేర్లుంటాయి, ఆడపిల్లలకు అంకె ఉంటుంది. 'ఆడ సంతానం 3', అంతే. ఈయన ఆ ముగ్గురి కోసం రేవులు దాటి, మెట్టినూళ్లు తిరిగి, మంచం పట్టిన ముసలమ్మల దగ్గర కూర్చుని పేర్లు రాసుకొచ్చారు. ఒకాయన చేతులు జోడించాడు: "ఇప్పుడా పేర్లెందుకండి మాస్టారూ, వాటా అడుగుతారేంటండీ?" ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా చట్టం మన రాష్ట్రానికి 1986లోనే వచ్చింది. గోదావరి దాటి మా ఊరికి రావడానికి దానికింకా పడవ దొరకలేదు.

ఒక్క విషయంలో మాత్రం నేను అధ్యక్షుల వారితో విభేదిస్తున్నాను. పిండం పెట్టాలంటే మూడు తరాల పేర్లు చెప్పాలి. 2015 పుష్కరాల్లో నడుంలోతు నీళ్లలోంచి అందరూ ఫోన్ చేసింది ఆయనకే: "మాస్టారూ, మా ముత్తాత పేరేంటండీ? పంతులుగారు తొందర పడుతున్నారండి!" 2027లో మళ్లీ పుష్కరాలు. అందాకా ఈయన్ని ఇంట్లో కూర్చోబెట్టడం క్షేమం కాదు.

సన్మాన పత్రం రాసే పని నాకప్పజెప్పారు. 'ఫలానా వారి పుత్రులు' అని మొదలెట్టి ఆగిపోయాను. సంఘంలో ఎవర్నడిగినా మాస్టారి తండ్రి పేరు తెలీదు. సిగ్గు విడిచి ఆయనకే ఫోన్ చేశాను.

"చెప్తానండి. ముందు మా అమ్మ పేరు రాసుకోండి," అన్నారు.