ఫార్వర్డ్ ఫోటో గారికి ఒక ఫ్లెక్సీ డిజైనర్ మొర

ఫార్వర్డ్ ఫోటో గారికి,

నమస్కారాలు. రాత్రి పదకొండున్నరకు షట్టర్ సగం దించాక తమరు వేంచేశారు. వెనకే వాయిస్ మెసేజ్: "తమ్ముడూ, అన్న బర్త్‌డే. 20 అడుగుల కటౌట్. పొద్దున పదికల్లా సెంటర్‌లో నిలబడాలి."

తమరి ఎత్తు 960 పిక్సెళ్లు. నలుగురి ఫోన్లు తిరిగొచ్చేసరికి మిగిలింది అంతే. 20 అడుగులంటే 240 అంగుళాలు. అంగుళానికి నాలుగే చుక్కలు. ఫ్లెక్సీకి 72 ఉంటే హాయి, అంత ఎత్తున కట్టేదానికి 30 ఉన్నా నెట్టుకొస్తాం. తమరిని సాగదీస్తే ఒక్కో చుక్కా శనగగింజంత. అన్న మీసం అట్టు మీద మాడిన మచ్చలా ఉంది. "కొంచెం క్లియర్ చెయ్ తమ్ముడూ" అన్నారు. లేని వెంట్రుకలు ఎక్కణ్ణుంచి తేను? ఏఐలో వేస్తే మీసం బ్రహ్మాండంగా వచ్చింది గానీ, వచ్చినాయన అన్న కాదు, అన్నకి దూరపు చుట్టం.

పోనీ కటింగ్ అయినా సుఖమా? అన్న రెండు వేళ్లు పైకెత్తి నిలబడ్డారు. వెనక అరటిచెట్టు, భుజం మీద ఎవరిదో చెయ్యి. పెన్ టూల్‌తో గంటన్నర చుట్టూ తిరిగి ఆ చెయ్యి తీసేశాను. (ఆ చేతి మనిషి ఈమధ్యే పార్టీ మారాడట, మంచిదే అయింది.) జుట్టు పోచపోచా కత్తిరిస్తే కార్పెంటర్ బాబాయ్ తంతాడు, ఆయన రంపానికి నున్నటి గీత కావాలి. వేళ్ల మధ్య సందు ఆకాశం రంగుతో పూడ్చేశాను, లేకపోతే గాలికి చూపుడువేలు ఊడిపడుతుంది. గీత బయట రెండంగుళాలు రంగు వదిలాను, ప్లైవుడ్ అంచుకి మడిచి కొట్టడానికి.

తెలుగు అక్షరాల అను ఫాంట్‌ని కర్వ్స్ చేశాను, అంటే అక్షరాల్ని గీతల బొమ్మలుగా మార్చేశాను. మరిచిపోయిన ఏడాది 'జన్మదిన శుభాకాంక్షలు' ప్రెస్‌లో ఇంగ్లిష్ అక్షరాలూ కామాలూ అయి దిగింది. స్క్రీన్ మీద మెరిసిన నీలం చొక్కా, ప్రింటింగ్ సిరాల లెక్క సీఎంవైకేలోకి మార్చగానే వంకాయ రంగుకి తిరిగింది. వంకాయ రంగు ఇక్కడ ఏ పార్టీదీ కాదు కాబట్టి బతికిపోయాను.

రెండున్నరకు ఫైల్ ప్రెస్‌కి వెళ్లింది. మూడింటికి ఫోన్: "ఒరిజినల్ దొరికింది తమ్ముడూ, డాక్యుమెంట్‌గా పెట్టా." 6000 పిక్సెళ్లు. అరటాకు ఈనెలు లెక్కపెట్టుకోవచ్చు.

పదింటికి సర్వీ కర్రల మీద తమరు లేచారు. రోడ్డవతల టీకొట్టు నుంచి చూస్తే, ఒట్టు, శనగగింజలన్నీ కలిసిపోయి బాగానే ఉన్నారు. అన్న వచ్చి తన పాదాల పక్కనే తను నిలబడి సెల్ఫీ దిగారు. అది ఊళ్లో గ్రూపులన్నీ తిరిగి సాయంత్రానికి నా దగ్గరికే వచ్చింది, సంక్రాంతికి 30 అడుగులట.

తమరి సంతానమే. 720 పిక్సెళ్లు.

ఇట్లు,
షట్టర్ ఇంకా దించని మీ డిజైనర్