క్లాసులో ఎవరి భాష?

ఒడిశా బరంపురంలో ఉండే మా మావయ్య 34 ఏళ్లు యూనివర్సిటీ పిల్లలకి ఇంగ్లీషు సాహిత్యం చెప్పి రిటైరయ్యాడు. క్లాసులో ఇంగ్లీషు తప్ప మరో ముక్క వినబడకూడదన్నది ఆయన నియమం. పర్లాకిమిడిలో డిగ్రీ క్లాసులకి ఇంగ్లీషే చెబుతున్న మా అక్క ఆయన శిష్యురాలే గాని, ఆ నియమం పేరెత్తితే ఆవిడకి ఒళ్లు మంట. మొన్న పండక్కి మళ్లీ మొదలెట్టారు. నేను జంతికలు నములుతూ విన్నాను.

అక్క: నీ పీహెచ్‌డీ థామస్ హార్డీ నవలల మీద. ఇంగ్లండులో డోర్సెట్ పల్లెటూళ్ల యాస మీద ఓ అధ్యాయమంతా రాశావు. మన బరంపురం తెలుగు మీద ఒక్క పేజీ రాశావా మావయ్యా?

మావయ్య: ఆ యాస చదివాకే అమ్మీ, మన యాసని చిన్నచూపు చూడడం మానేశాను. విలియం బార్న్స్ అని డోర్చెస్టరులో బడిపంతులుండేవాడు. డోర్సెట్ మాండలికంలో పద్యాలు రాశాడు. హార్డీ కుర్రతనంలో ఆర్కిటెక్టు దగ్గర పని నేర్చుకున్న ఆఫీసు, ఆయన బడి పక్కపక్కనే. వ్యాకరణంలో సందేహమొస్తే వెళ్లి అడిగేవాడట. 1908లో బార్న్స్ పద్యాలు ఏరి పుస్తకం వేయించింది కూడా హార్డీయే.

(హార్డీ దొరికితే మావయ్యని ఆపలేం. బార్న్స్ సంగతి ఇంకో పావుగంట నడిచింది.)

అక్క: అన్నీ తెలిసి క్లాసులోకి తెలుగుని రానివ్వలేదేం?

మావయ్య: తెలుగులో చెబితే ఒడియా పిల్లలు మొహమొహాలు చూసుకుంటారు. ఒడియాలో చెబితే మీరు. ఇంగ్లీషు ఎవరి ఇంటి భాషా కాదు. అందరికీ ఒకటే కష్టం.

అక్క: ఒకటేనా! కాన్వెంటులో చదివినవాడికీ, గుమ్మా కొండల్లోంచి దిగొచ్చిన సవర గిరిజన కుర్రాడికీనా? వాడికి ఒడియాయే రెండో భాష. నీ పాఠం వింటూ వాడు నోరు విప్పిన రోజు ఒక్కటి చెప్పు.

మావయ్య: నువ్వుండేది గిడుగు రామమూర్తిగారి ఊళ్లో. ఆయన సవర వ్యాకరణం ఏ భాషలో రాశారు? ఇంగ్లీషులో. 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. తెలుగులో రాసుంటే బయటి పండితులు చూసేవారా?

అక్క: రాయడం సరే, నేర్చుకోవడమో? తెలుగొచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. మేష్టారే ముందు శిష్యుడయ్యాడు. ఆ తరవాత సవర పిల్లలకి వాళ్ల భాషలోనే బళ్లు నడిపించారు. నీ నియమం ఆయన పెట్టలేదు. అసలు నువ్వే ఓసారి తప్పావు. హార్డీ నవల్లో వచ్చే ఎగ్డన్ హీత్ అంటే ఏవిటో తెలీక మేమంతా బిక్కమొహాలేస్తే, "మహేంద్రగిరి కింద మేకలు తోలుకెళ్లే బీడు లేదూ, అలాంటిది" అన్నావు. తెలుగులో! ఆ నవల్లో నాకు మిగిలింది ఆ బీడే.

మావయ్య: ఒడియాలోనూ చెప్పాను.

అక్క: సవరలో?

(మావయ్య మరచెంబు ఎత్తి నీళ్లు తాగాడు. నా ఓటు అక్కకే. కాని ఇంగ్లీషు ఎవరి ఇంటి భాషా కాదన్న మాటని కొట్టిపారేయలేను. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిస్తే గిడుగువారు ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మేం వెళ్లకుండా ఉండిపోయినవాళ్ల మనవలం. ఇంటి భాష ఒకటి, రేషను కార్డు మీది భాష ఇంకొకటి.)

మావయ్య: నాకు రాదు. నీకొచ్చా?

అక్క: పదిదాకా అంకెలు. తిన్నావా, కూర్చో. మా క్లాసు కుర్రాడే నేర్పుతున్నాడు. నేను పలికితే పడిపడి నవ్వుతాడు.

మావయ్య: బీరువాలో రెండో అరలో గిడుగువారి సవర నిఘంటువుంది. 1938 నాటిది. పట్టుకుపో.

అక్క: తిరిగివ్వను మరి.

మావయ్య: ఇవ్వకు. అందులో నా పెన్సిలు గీతలు మాత్రం చెరపకు.