బాక్సింగ్ డే గారికి, మారతహళ్ళి నుంచి

డిసెంబరు 26 గారికి,

నమస్కారం. లండన్ క్లయింటు వెబ్‌సైటు పడిపోకుండా బెంగళూరులో కాపలా కాసే సపోర్టు టీమ్ మాది. సగానికి పైగా తెలుగువాళ్ళమే. ఒకప్పుడు మీరంటే మెల్‌బోర్న్ టెస్టు, తెల్లవారుజామున ఐదింటికి టీవీ. ఇప్పుడు మీరంటే షిఫ్ట్ రోస్టర్.

మీ పుట్టుక గురించి చదివి కాసేపు నవ్వుకున్నాను. పండగనాడు దొరలకు వడ్డించి అలిసిపోయిన పనివాళ్ళకు మర్నాడు సెలవిచ్చి, చేతిలో ఒక పెట్టె (బాక్స్) పెట్టి ఇంటికి పంపేవారని, మీ పేరు అలా వచ్చిందని చెబుతారు. పండగ మామూలన్నమాట. 1663 డిసెంబరులోనే శామ్యూల్ పెపీస్ అనే లండన్ డైరీ రచయిత, చెప్పుల దుకాణం కుర్రాళ్ళ డబ్బాలో ఏదో వేసినట్టు డైరీలో రాసుకున్నాడు. ఎంత వేశాడో మాత్రం రాయలేదు, గడుసువాడు! 1871లో జాన్ లబక్ అనే బ్యాంకరు పార్లమెంటులో చట్టం చేయించి మిమ్మల్ని బ్యాంకు సెలవు చేశాడు. ఆ చట్టంలోని ఇంగ్లండు సెలవుల జాబితాలో క్రిస్మస్ పేరే లేదు. దొరల పండగ ఆచారం కొద్దీ ఎప్పటినుంచో సెలవే. మర్నాటికే చట్టం కావాల్సివచ్చింది.

సరే, ఇప్పుడు దొరల పండగకు పనిచేసేది ఎవరండీ? మేమే కదా! మీ రోజునే అక్కడ డిస్కౌంట్ సేల్స్, జనం సైటు మీద పడతారు, ఇక్కడ మాకు టెన్షన్. పెట్టె సంగతి అడిగితే, దీపావళికి డ్రై ఫ్రూట్స్ డబ్బా ఇచ్చాంగా అంటారు.

కరీంనగర్‌లో మా బావది ప్రభుత్వోద్యోగం. తెలంగాణ సెలవుల జాబితాలో క్రిస్మస్ మర్నాడు కూడా ఉంది. "ఏం బామ్మర్దీ, ఇంకా లాగిన్‌లోనే ఉన్నవా?" అని మీరొచ్చినప్పుడల్లా ఫోన్ చేస్తాడు. కర్ణాటకలో మిమ్మల్ని అడిగే నాథుడే లేడు. కంపెనీలు తప్పనిసరిగా సెలవివ్వాలని ఇక్కడి 1963 సెలవుల చట్టం పేరుపెట్టి చెప్పిన రోజుల్లో క్రిస్మసే లేదు, ఇక మీరెక్కడ?

అన్నిటికన్నా ఒళ్ళు మండేది మీ రాజభోగం. 2021లో మా ఆగస్టు 15 ఆదివారం పడింది, పోయింది. అదే ఏడు క్రిస్మస్ శనివారం, మీరు ఆదివారం. మీ ఇద్దరి కోసం బ్రిటన్ సోమ, మంగళవారాలు రెండూ వదిలేసింది. 2026లో మీరు శనివారమట, కాబట్టి సోమవారం 28న అక్కడ సెలవు. ఆ రోజు రోస్టర్‌లో ఎవరి పేరు వేస్తారో మీకు వేరే చెప్పాలా?

ఇట్లు,
28వ తేదీ మధ్యాహ్నం షిఫ్టు