చదివి సంతకం పెట్టే జబ్బు

పాటల రచయితలు ఈమధ్య మ్యూజిక్ లైబ్రరీలతో, అంటే సినిమాలకూ సీరియళ్లకూ యాడ్లకూ పాటలు అందించే కంపెనీలతో, సంతకం పెట్టేముందు ఒప్పందం చదువుతున్నారట. మొక్కై వంగనిది మానై వంగదు. ఈ దురలవాటు ఇప్పుడే మాన్పించకపోతే రేపు అర్థం కూడా అడుగుతారు.

అసలు చదవడానికి ఏముందని? ఎక్స్‌క్లూజివ్ అంటే పాట ఆ ఒక్క లైబ్రరీ చేతిలోనే ఉంటుంది. సినిమాకో సీరియల్‌కో యాడ్‌కో ఇంకెవరూ ఇవ్వకూడదు, రాసినవాడితో సహా. గడువు దగ్గర 'శాశ్వతంగా' అనీ, ప్రాంతం దగ్గర 'విశ్వమంతటా' అనీ ఉంటే నవ్వకండి, నిజంగానే అలా రాస్తారు. రేపు అంగారకుడి మీద ఎవరైనా సీరియల్ తీస్తే హక్కుల టెన్షన్ మీకు లేదన్నమాట. ఈలోగా భూమ్మీద ఎవరూ వాడుకోలేదా? హార్డ్ డిస్కులో క్షేమంగా ఉంది, దుమ్ము కూడా పడదు.

ఇన్నేళ్లలోపు ఎక్కడా వాడకపోతే హక్కు తిరిగి రచయితకే వచ్చేలా ఒక షరతు రాయించుకోమని కొందరు చెవిలో ఊదుతున్నారు. ఎంత అపనమ్మకం! అమెరికాలో 1976 కాపీరైట్ చట్టం ప్రకారం ఇచ్చేసిన హక్కును 35 ఏళ్లకు వెనక్కి తీసుకోవచ్చు, కనీసం 2 ఏళ్ల ముందు నోటీసు ఇస్తే చాలు. ఇరవయ్యో ఏట సంతకం పెట్టినవాడు యాభై అయిదు దాకా ఆగలేడా?

నాన్ ఎక్స్‌క్లూజివ్ మరీ ఉదారం. ఒకే పాటను పది లైబ్రరీలకు ఇవ్వొచ్చు. అయితే ఏ లైబ్రరీ రాయల్టీ ఆ లైబ్రరీకే చేరాలి కనుక, కొన్ని లైబ్రరీలు పాటకు తమ సొంత పేరు పెట్టి నమోదు చేసుకుంటాయి. నేను కన్నీళ్లతో 'చీకటి' అని రాసిన పాట ఒకచోట 'శుభోదయం', ఇంకోచోట 'హుషారు 14'. సినిమావాళ్లకు అదే పాట మూడు చోట్ల నుంచి మూడు పేర్లతో, మూడు రేట్లతో వెళ్లింది. ఎవరితో గొడవ వస్తుందోనని వాళ్లు వేరే పాట తీసుకున్నారు. వీడియో సైట్లలో పాటను మోత విని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌కు పేర్లతో పని లేదు. నా పాట నేను పెట్టుకున్న వీడియోకే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. గర్వపడ్డాను, ఎవరో ఒకరు నా పాటను కాపాడుతున్నారు కదా అని.

మొన్న రాయల్టీ లెక్కల్లో నా పేరు పక్కన 'హుషారు 14' కనిపించింది. అలాంటి పాట నేనెప్పుడూ రాయలేదని నిజాయితీగా జవాబు పంపాను.